కార్బన్ నైట్రైడ్–టైటానియా ఫోటోకెటలిస్ట్: మిథిలీన్ బ్లూ రంగు పోతోంది, ఫినాల్ మాత్రం తగ్గడం లేదు

నూలుపోగు_22 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్, టైటానియా (టైటానియం డయాక్సైడ్) కలిసిన హైబ్రిడ్ ఫోటోకెటలిస్ట్ పొడి, అంటే కాంతి పడితే నీటిలోని కాలుష్యాన్ని విరగ్గొట్టేది, తయారు చేశాం. యూరియా 10 గ్రాములు, పీ25 (పోలికకు అందరూ వాడే నానో రకం) టైటానియా 1 గ్రాము కల్వంలో నూరి, మూత ఉన్న పింగాణీ క్రూసిబుల్‌లో వేసి, మఫిల్ ఫర్నేస్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచి 550 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచాం. లేత పసుపు పొడి వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్-రే పరీక్ష) అనటేజ్ (టైటానియా స్ఫటిక రూపం) పీకులతో పాటు 27.4 డిగ్రీల దగ్గర పీక్ ఉంది కాబట్టి కార్బన్ నైట్రైడ్ ఏర్పడిందనే అనుకుంటున్నాం.

పరీక్ష ఇలా చేశాం. లీటరుకు 10 మి.గ్రా. మిథిలీన్ బ్లూ ద్రావణం 100 మి.లీ., పొడి 50 మి.గ్రా., చీకట్లో 30 నిమిషాలు కలిపి, తర్వాత 50 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ 15 సెం.మీ. దూరంలో. 90 నిమిషాల్లో 664 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (ద్రావణం పీల్చే కాంతి కొలత) 91 శాతం తగ్గింది. ఉత్త పీ25తో 70 శాతం. అదే లైటు కింద లీటరుకు 10 మి.గ్రా. ఫినాల్ పెడితే 3 గంటలకు కూడా 270 దగ్గర 4 శాతమే తగ్గింది. పొడిని కడిగి మళ్లీ వాడితే మూడోసారికి మిథిలీన్ బ్లూ తగ్గుదల కూడా 58 శాతానికి పడిపోయింది.

ఇంకొకటి. భూదాన్ పోచంపల్లి దగ్గర ఒక నూలు అద్దకం యూనిట్ నుంచి నీళ్లు తెచ్చాం. రియాక్టివ్ రంగులు, పీహెచ్ 10.6. అందులో ఈ పొడి వేస్తే రంగు కదల్లేదు, సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సిడైజ్ చేయడానికి పట్టే ఆక్సిజన్ కొలత) పైగా కొంచెం పెరిగినట్టు వచ్చింది. లోపం పొడిలోనా, పరీక్షలోనా? థీసిస్‌లో ఎస్-స్కీమ్ (రెండు పదార్థాల్లో బలహీనమైన ఎలక్ట్రాన్లు, హోల్స్ కలిసిపోయి బలమైనవి మిగిలే ఏర్పాటు) అని రాయొచ్చా?

---

కటాఫ్_420:

ముందు మీ లైటు సంగతి చూడండి. మిగతా చిక్కుల్లో సగం అక్కడే ఉంది.

తెల్ల ఎల్‌ఈడీ అంటే 450 దగ్గర నీలం కాంతి ఇచ్చే చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. వెలుగులో ఎక్కువ భాగం 500 నుంచి 650 మధ్య ఉంటుంది. కార్బన్ నైట్రైడ్ బ్యాండ్‌గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన కనీస శక్తి) 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 460 నానోమీటర్లు దాటితే అది దాదాపు పీల్చుకోదు. అనటేజ్‌కి 3.2, అంటే 387 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మీ ఫ్లడ్‌లైట్‌లో టైటానియాకు పనికొచ్చే కాంతి లేనట్టే, కార్బన్ నైట్రైడ్‌కి అందేది ఆ నీలం పీక్‌లో అంచు మాత్రమే. మిథిలీన్ బ్లూ మాత్రం 600–680 మధ్య బాగా పీల్చుకుంటుంది, ఆ ఎరుపు మీ లైట్‌లో దండిగా ఉంది.

ఉత్త పీ25తో 70 శాతం తగ్గడమే మీకు గట్టి సాక్ష్యం. అతినీలలోహిత కాంతి లేకుండా పీ25 పనిచేయకూడదు కదా. జరుగుతున్నది డై సెన్సిటైజేషన్: కాంతిని రంగే పీల్చుకుని, ఎలక్ట్రాన్‌ను టైటానియా కండక్షన్ బ్యాండ్‌లోకి (ఎలక్ట్రాన్లు కదలగలిగే శక్తి స్థాయి) వదిలి, తాను ఆక్సిడైజ్ అయిపోతోంది. పైగా మిథిలీన్ బ్లూ వెలుగులో సింగ్లెట్ ఆక్సిజన్‌ను (చురుకైన ఆక్సిజన్ రూపం) పుట్టించే రంగు, కెటలిస్ట్ లేకపోయినా కొంత తనను తానే పాడు చేసుకుంటుంది. ఫినాల్‌కి రంగు లేదు, ఆ దారి దానికి మూసుకుపోయింది. అందుకే 4 శాతం.

దీన్ని తేల్చడం చాలా తేలిక. 630 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి కొని అదే పరీక్ష మళ్లీ చేయండి. ఆ కాంతిని కార్బన్ నైట్రైడూ పీల్చుకోదు, టైటానియా కూడా పీల్చుకోదు. అయినా రంగు పోతే అది మీ కెటలిస్ట్ చలవ కాదు. పక్కనే 365 ఎల్‌ఈడీ కింద పీ25, ఫినాల్ పెట్టండి. అక్కడ ఫినాల్ గంటలోపే స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే కలపడంలోనో, గాలి అందడంలోనో, కొలతలోనో తేడా ఉంది. 365 వాడేటప్పుడు అతినీలలోహితాన్ని అడ్డుకునే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, ఆ కాంతి కంటికి మసకగానే కనిపిస్తుంది కానీ దెబ్బ తీస్తుంది.

అసలు పరీక్షకు 420 ఎల్‌ఈడీ తీసుకోండి. 405 చౌకగా దొరుకుతుంది కానీ పీ25లో ఐదో వంతు రూటైల్ (టైటానియా మరో స్ఫటిక రూపం) ఉంటుంది, దాని అంచు 413 దగ్గర. 405 కింద కార్బన్ నైట్రైడ్ పని ఎంత, రూటైల్ పని ఎంత అన్నది విడదీయలేరు. వెలుగు తీవ్రతను లక్స్ మీటర్‌తో కొలిచి రాయకండి. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు లెక్కకట్టిన కొలత, 420 దగ్గర దానికి అర్థమే ఉండదు. పవర్ మీటర్ లేకపోతే పొటాషియం ఫెర్రిఆక్సలేట్ యాక్టినోమెట్రీ (కాంతితో జరిగే చర్యను బట్టి వెలుగును లెక్కగట్టే పద్ధతి) చేయండి, 420 దగ్గర బాగానే పనిచేస్తుంది.

ఇక కొలత. 664 ఒక్కచోటే చదవడం మానేసి, 200 నుంచి 800 వరకు పూర్తి స్కాన్ తీయండి. మిథిలీన్ బ్లూ ముక్కలయ్యే ముందు మిథైల్ గుంపులు ఒక్కొక్కటే ఊడి అజూర్ బీ, అజూర్ ఏ అవుతుంది. పీక్ 664 నుంచి 650 వైపు, ఆపైన 630 వైపు జరుగుతుంది. 664 దగ్గర సంఖ్య పడిపోతుంది కానీ అణువు అస్థిపంజరం అలాగే ఉంటుంది. 292 దగ్గరి పట్టీని కూడా చూడండి. 664 దగ్గర 91 శాతం తగ్గి, 292 దగ్గర 30 శాతమే తగ్గితే మీరు చేసింది శుద్ధి కాదు, రంగు మార్పిడి. రోడమిన్ బీ వాడినా ఇదే తంతు, 554 నుంచి 498కి జరుగుతుంది. ఇంకో ఉచ్చు: ఆక్సిజన్ అందకపోతే మిథిలీన్ బ్లూ రంగులేని ల్యూకో రూపంలోకి వెళ్తుంది. శాంపిల్‌ను గాలి తగిలేలా కాసేపు కుదిపి మళ్లీ చదవండి, నీలం తిరిగొస్తే అదే.

లీటరుకు 10 మి.గ్రా. దగ్గర అబ్సార్బెన్స్ 2 దాటుతుంది, ఆ పైన మీ స్పెక్ట్రోఫోటోమీటర్ చెప్పేది నమ్మలేం. 5 రెట్లు పలుచన చేసి చదవండి. నైలాన్ సిరంజి ఫిల్టర్లు రంగును పీల్చేసుకుంటాయి, దానికి బదులు 10,000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. 800 దగ్గర అబ్సార్బెన్స్ సున్నాకు రాకపోతే టైటానియా ఇంకా తేలుతోందని అర్థం, మళ్లీ తిప్పండి. చీకటి దశను గడియారం చూసి 30 నిమిషాలకు ఆపకండి. వరుసగా రెండు రీడింగులు 2 శాతం లోపు కలిసే దాకా ఉంచి, ఆ విలువనే మొదటి గాఢతగా తీసుకుని రేటు లెక్కించండి. మీ 91 శాతంలో పొడికి అంటుకున్నది ఎంతో ఇప్పుడు చెప్పలేం.

ఫినాల్‌ని 270 దగ్గర నేరుగా చదివితే క్యాటెకాల్ కూడా అక్కడికే వచ్చి కలుస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) దొరికితే సరే, లేకపోతే 4-అమైనోయాంటీపైరిన్ పద్ధతిలో 500 నానోమీటర్ల దగ్గర చదవండి. ఎరుపు–గోధుమ రంగు వస్తుంది, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో కూడా చేసుకోవచ్చు.

---

మఫిల్_550:

పైన చెప్పిన కొలత సంగతులన్నిటితో ఏకీభవిస్తున్నాను. నేను పొడి గురించి చెప్తాను, అక్కడా పని ఉంది.

27.4 పీక్‌ను నమ్మి కూర్చోకండి. కార్బన్ నైట్రైడ్ పొరల మధ్య దూరానికి వచ్చే 002 పీక్ 27.4 దగ్గర ఉంటుంది. రూటైల్ 110 పీక్ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. మీ పీ25లో రూటైల్ ఉంది కాబట్టి యూరియా వేయకపోయినా ఆ పీక్ కనబడేది. ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో రసాయన బంధాలను గుర్తించే పరీక్ష) తీయండి. 808–810 సెం.మీ.⁻¹ దగ్గర సన్నని పదునైన పీక్, 1240 నుంచి 1640 వరకు వరసగా పీకులు ఉంటేనే ట్రైయజీన్ వలయాలు (కార్బన్ నైట్రైడ్ మూల నిర్మాణం) ఉన్నట్టు.

ఉంది సరే, ఎంత ఉంది? యూరియా నుంచి కార్బన్ నైట్రైడ్ దిగుబడి చాలా తక్కువ, 10 గ్రాములకు 0.3 నుంచి 0.5 గ్రాము వస్తే బాగా వచ్చినట్టు. మూత సరిగ్గా కూర్చోకపోతే అదీ ఉండదు. మీ పింగాణీ మూత పక్కనుంచి ఆవిరి పోయిందంటే పొడిలో ఆ పదార్థం పదో వంతు కూడా ఉండకపోవచ్చు. లేత పసుపు అన్నారు కాబట్టి నాకు అదే అనుమానం.

టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గుదల కొలిచే పరికరం) లేకపోయినా ఇది తేలుతుంది. పొడిని 110 డిగ్రీల దగ్గర 2 గంటలు ఆరబెట్టి, 0.200 గ్రాము కచ్చితంగా తూచి, మూత లేకుండా అదే మఫిల్‌లో 750 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. కార్బన్ నైట్రైడ్ గాలిలో పూర్తిగా కాలిపోయి తెల్లటి టైటానియా మిగులుతుంది. 0.170 మిగిలితే కాలిపోయింది 15 శాతం. పోలికకు ఉత్త పీ25ని కూడా పక్కనే పెట్టండి, దాని ఉపరితలం మీది నీటి వల్ల కొంచెం బరువు తగ్గుతుంది, అది తీసేయాలి. ఈ సంఖ్య లేకుండా "1:1 కాంపోజిట్" అని రాసే పేపర్లు కొల్లలు. దయచేసి మీరు అలా రాయకండి.

నా సలహా రెండు దశల్లో చేయమని. మెలమిన్ 10 గ్రాములు మూత గట్టిగా పట్టే అల్యూమినా క్రూసిబుల్‌లో సగానికి మించకుండా వేసి, 550 దగ్గర 4 గంటలు. సుమారు సగం బరువు పసుపు ముద్ద వస్తుంది. కానీ దాని ఉపరితల వైశాల్యం గ్రాముకు 10 చదరపు మీటర్ల చుట్టూ ఉంటుంది, చాలా తక్కువ. దాన్ని నూరి, వెడల్పాటి గిన్నెలో పలుచగా పరచి, మూత లేకుండా 500 దగ్గర ఇంకో 2 గంటలు వేడి చేస్తే పొరలు విడిపోయి తేలికైన పొడి అవుతుంది. చాలా భాగం కాలిపోతుంది, అందుకే ఎక్కువతో మొదలుపెట్టండి. పలుచబడే కొద్దీ బ్యాండ్‌గ్యాప్ 2.9 వైపు పెరిగి పసుపు తగ్గుతుంది, కాబట్టి మరీ తెల్లబడే దాకా కాల్చకండి. యూరియానే వాడతామంటే ఈ రెండో దశ అక్కర్లేదు, మొదటే గుల్లగా వస్తుంది. కానీ యూరియా పొంగుతుంది, క్రూసిబుల్‌లో మూడో వంతుకు మించి నింపకండి. ఏ పద్ధతిలోనైనా అమ్మోనియా బయటికి వస్తుంది, ఫర్నేస్ మీద ఎగ్జాస్ట్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత జతచేయడం. కార్బన్ నైట్రైడ్ ఉపరితలం తటస్థమయ్యే పీహెచ్ సాధారణంగా 4–5 మధ్య ఉంటుంది, పీ25ది 6.3 చుట్టూ. నీళ్ల పీహెచ్ 5.5 దగ్గర పెడితే మొదటిది రుణావేశంతో, రెండోది ధనావేశంతో ఉండి వాటంతట అవే అతుక్కుంటాయి. కార్బన్ నైట్రైడ్ 0.3 గ్రాము 100 మి.లీ. నీటిలో గంటసేపు సోనికేట్ చేయండి, బాత్ వేడెక్కితే ఐస్ వేయండి. పీ25 0.7 గ్రాము విడిగా 50 మి.లీ.లో చెదరగొట్టి చుక్కలుగా కలపండి, రాత్రంతా తిప్పండి. సెంట్రిఫ్యూజ్ చేసి ఆరబెట్టి 350 దగ్గర గంటసేపు వేడి చేయండి. ఈ చివరి వేడి లేకపోతే రెండూ పక్కపక్కన ఉంటాయి గానీ జంక్షన్ (ఎలక్ట్రాన్లు దాటగలిగేలా రెండూ కలిసే హద్దు) సరిగా ఏర్పడదు, రెండో కడుగుడుకే విడిపోతాయి. మీ రీయూజ్ పడిపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

అదే నిష్పత్తిలో రెండు పొడుల్ని ఉత్తినే కలిపి దాన్నీ పరీక్షించండి. కాంపోజిట్ ఆ మిశ్రమం కంటే బాగా పనిచేస్తేనే జంక్షన్ గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

ఎస్-స్కీమ్ సంగతి. మీ ప్రస్తుత లైటు కింద రాయడానికి వీల్లేదు. ఎస్-స్కీమ్‌లో రెండు పదార్థాలూ కాంతితో ఉత్తేజితం కావాలి. 420 పైన టైటానియా నిద్రపోతుంటే అక్కడ జరగగలిగేది ఒక్కటే: కార్బన్ నైట్రైడ్ ఎలక్ట్రాన్ టైటానియాలోకి జారడం. హోల్ (ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన ఖాళీ) మాత్రం కార్బన్ నైట్రైడ్‌లోనే 1.57 వోల్టుల దగ్గర మిగిలిపోతుంది, హైడ్రాక్సిల్ అయాన్‌ను రాడికల్‌గా (కాలుష్యాన్ని విరగ్గొట్టే చురుకైన రూపం) మార్చే శక్తి దానికి లేదు. ఎస్-స్కీమ్ చూపించాలంటే 365 కింద, లేదా అతినీలలోహితం ఉన్న సూర్యకాంతి కింద పరీక్షించాలి. టెరెఫ్తాలిక్ ఆమ్లంతో 425 దగ్గర ఫ్లోరెసెన్స్ వస్తే హైడ్రాక్సిల్ రాడికల్స్ ఉన్నట్టే. కానీ 365 కింద ఉత్త టైటానియా కూడా వాటిని పుట్టిస్తుంది, కాబట్టి సంకేతం ఉండటం చాలదు, సమాన బరువు టైటానియా కంటే ఎక్కువ రావాలి. దానితోనూ పూర్తవదు, కాంతిలో తీసిన ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీది ఎలక్ట్రాన్ల స్థితి చూపే ఎక్స్-రే పరీక్ష) లాంటిది అడుగుతారు.

స్కావెంజర్ పరీక్షల్లో (ఒక్కో చురుకైన రూపాన్ని పట్టేసే పదార్థం వేసి దాని పాత్ర చూసేవి) సూపరాక్సైడ్ కోసం బెంజోక్వినోన్ వేస్తారు. అది స్వయంగా కాంతిని పీల్చుకుని చర్యల్లో పాల్గొనే పదార్థం, దాని మీద ఒక్కదాని మీదే నిర్ధారణకు రావద్దు.

---

కడుగునీళ్లు:

అద్దకం నీళ్ల గురించి.

మీ సీఓడీ పెరగడానికి ముందు ఉప్పును అనుమానించండి. రియాక్టివ్ అద్దకంలో లీటరుకు 30 నుంచి 80 గ్రాముల ఉప్పు వేస్తారు. మామూలు ఉప్పు 40 గ్రాములనుకుంటే క్లోరైడ్ 24 గ్రాములు. డైక్రోమేట్ పద్ధతిలో ఒక్కో మి.గ్రా. క్లోరైడ్ 0.226 మి.గ్రా. ఆక్సిజన్‌గా లెక్కలోకి వస్తుంది, అంటే మొత్తం ఆక్సిడైజ్ అయితే 5,500 మి.గ్రా. దొంగ సీఓడీ. మెర్క్యురిక్ సల్ఫేట్ లీటరుకు 2,000 మి.గ్రా. క్లోరైడ్ వరకే అడ్డుకోగలదు. ఆ సముద్రంలో రంగు తాలూకు సీఓడీ మార్పు వెతకడం వృథా. ఆమ్లం వేసి కార్బన్ డయాక్సైడ్ తీసేసి టీఓసీ (మొత్తం సేంద్రియ కార్బన్ కొలత) చేయించండి. ఫ్లడ్‌లైట్ కింద నీళ్లు ఆవిరై గాఢత పెరగడం, సన్నటి పొడి శాంపిల్‌లో మిగిలిపోవడం కూడా చూసుకోండి. యూనిట్ వాళ్లను వాడినది మామూలు ఉప్పా, గ్లాబర్ ఉప్పా (సోడియం సల్ఫేట్) అని అడగండి. గ్లాబర్ ఉప్పు అయితే క్లోరైడ్ గొడవ లేదు.

పీహెచ్ 10.6 దగ్గర రెండు దెబ్బలు. ఒకటి, టైటానియా ఉపరితలం రుణావేశంతో ఉంటుంది, సల్ఫొనేట్ గుంపులున్న రియాక్టివ్ రంగు కూడా రుణావేశమే, దగ్గరికి రావు. రెండు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్). ఆ పీహెచ్‌లో మూడింట రెండు వంతులు కార్బొనేట్ రూపంలో ఉంటుంది, హైడ్రాక్సిల్ రాడికల్‌ను అది బైకార్బొనేట్ కంటే సుమారు 45 రెట్లు వేగంగా మింగేస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 4కి దించి అరగంట గాలి కొట్టండి. కార్బొనేట్ వాయువుగా పోతుంది, రంగు టైటానియాకు అంటుకోవడం మొదలవుతుంది. ఆమ్లం నెమ్మదిగా పోయండి, నురగ పొంగుతుంది.

మూడోది కాంతి దూరం. వడగట్టిన నీటి అబ్సార్బెన్స్‌ను మీ ఎల్‌ఈడీ తరంగదైర్ఘ్యం దగ్గర చూడండి. 1 సెం.మీ.కి 2 వస్తే, మొదటి సెంటీమీటరులోనే 99 శాతం కాంతిని రంగే తినేసింది, కెటలిస్ట్ చీకట్లో ఉంది. ఇక్కడ ఎన్ని గ్రాములు పొడి వేసినా లాభం లేదు. 0.2 లోపు ఉండేలా పలుచన చేసి చూడండి, లేదా అసలు రంగు తొట్టి నీళ్లు వదిలేసి చివరి కడుగునీళ్లు తీసుకోండి. నా అభిప్రాయంలో ఫోటోకెటాలిసిస్‌కు తగిన చోటు అదే, ఉప్పు తక్కువ, రంగు పలుచన. వ్యాట్ రంగుల (హైడ్రోసల్ఫైట్‌తో కరిగించి అద్దేవి) నీళ్లు కలిసి ఉంటే హైడ్రోసల్ఫైట్ ఉంటుంది, అది కరిగిన ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ముందు గాలి కొట్టకుండా కాంతి పెట్టొద్దు.

అజో బంధం (రంగునిచ్చే నైట్రోజన్–నైట్రోజన్ జంట బంధం) తెగితే రంగు పోతుంది, కానీ ఆరోమాటిక్ అమైన్లు మిగలొచ్చు. అవి కొన్ని అసలు రంగు కంటే విషం. రంగు పోయిన నీళ్లను "శుద్ధి అయింది" అని యూనిట్ వాళ్లకు చెప్పే ముందు టీఓసీ ఎంత తగ్గిందో చూడాలి.

రీయూజ్ గురించి: ప్రతిసారీ పొడిని ఆరబెట్టి తూచండి. 50 మి.గ్రా.లో కడుగుడుకి 10 శాతం పోవడం మామూలే, పీ25 కణాలు 20 నానోమీటర్ల చుట్టూ ఉంటాయి, పైనీళ్లతో పారిపోతాయి. పీహెచ్ 6.5 దగ్గర పెడితే గుంపులు కట్టి రాత్రికి అడుగున దిగుతాయి. ఒకేసారి నాలుగు బీకర్లు నడిపి, పొడి కలిపి, మళ్లీ 50 మి.గ్రా. చొప్పున తూచి వాడితే బరువు నష్టమూ చురుకుదనం నష్టమూ వేరుగా కనబడతాయి. ఉపరితలం మీద పేరుకున్న మిగుళ్లకు ఇథనాల్‌తో కడిగి 350 దగ్గర గంటసేపు కాల్చండి. అయస్కాంతంతో తీద్దామని మాగ్నెటైట్ నేరుగా కలపకండి. కాంతిలో టైటానియా ఎలక్ట్రాన్లు దాన్ని కరిగించి ఇనుము నీళ్లలోకి వస్తుంది, మధ్యలో సిలికా పొర ఉండాలి.

---

నూలుపోగు_22:

అందరికీ చాలా థాంక్స్. 630 ఎర్ర ఎల్‌ఈడీ కింద పెట్టాం, మిథిలీన్ బ్లూ 90 నిమిషాల్లో 66 శాతం పోయింది. పొడి లేకుండా 9 శాతం. 750 దగ్గర కాల్చితే తగ్గిన బరువు, పీ25 సవరణ పోను, 8 శాతం. అంటే కార్బన్ నైట్రైడ్ 8 శాతమే అన్నమాట. రెండు దశల పద్ధతి మొదలుపెడుతున్నాం. ఫినాల్ కాకుండా మన ప్రాంతానికి దగ్గరగా ఉండే రంగులేని కాలుష్యం ఏదైనా చెప్తారా?

---

కటాఫ్_420:

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకోండి. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మి.గ్రా. దాకా ఇది ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. లీటరుకు 10 మి.గ్రా. అనే మీ ల్యాబ్ గాఢత ఇక్కడ ఊహాజనితమేమీ కాదు.

దీనికి 420 పైన అబ్సార్ప్షన్ లేనట్టే, కాబట్టి సెన్సిటైజేషన్ భయం తక్కువ. కానీ పొడి ఉపరితలం మీద కాంప్లెక్స్ ఏర్పడి కొంచెం ఎరుపు వైపు జరగొచ్చు, అందుకని ఉత్త టైటానియా కంట్రోల్ 420 కింద తప్పకుండా పెట్టండి. 365 కింద అయితే కెటలిస్ట్ లేకుండానే కొంత విరుగుతుంది, ఆ ఖాళీ పరీక్ష విడిగా కావాలి. 275 దగ్గర పీక్ తగ్గుదలను ఒక్కదాన్నే నమ్మొద్దు. పక్కనున్న పైపరజీన్ వలయం తెగినా క్వినోలోన్ భాగం మిగిలి అక్కడే పీల్చుకుంటుంది. అందుకే ప్రతి అరగంట శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, ఈ. కోలై పూసిన అగర్ ప్లేటు మీద పేపర్ డిస్కుతో వేయండి. డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం కుంచించుకుపోతుంటే మందు శక్తి నిజంగా పోతున్నట్టు. మైక్రోబయాలజీ వాళ్ల సాయంతో చేయండి, మిగిలిన ద్రావణాన్ని సింక్‌లో పోయొద్దు, వేరే డబ్బాలో పెట్టి ల్యాబ్ వ్యర్థాలతో పంపండి.

ఇంకో కంట్రోల్ మర్చిపోకండి: పొడి, ఉత్త నీళ్లు, కాంతి. మీ 365 పరీక్షల్లో హైడ్రాక్సిల్ రాడికల్స్ కార్బన్ నైట్రైడ్‌ను కూడా కొరుకుతాయి. ఆ నీళ్లలో నైట్రేటూ టీఓసీ పెరుగుతుంటే మీ కెటలిస్టే కరుగుతోంది, ఆ సంఖ్యను మందు లెక్కలోంచి తీసేయాలి.